గారపళ్ళ జిల్లా

నీళ్ళలోని ఫ్లోరైడ్ పళ్ళనూ వెన్నునూ దెబ్బతీస్తుందని మన దేశంలో మొదట రాసినవాళ్ళు షార్ట్, పండిట్, రాఘవాచారి. 1937లో, నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి రాశారు. అప్పటికి నెల్లూరూ మా అనంతపురమూ ఒకే మద్రాసు రాజధానిలోవి. అయినా ఆ కబురు మా పల్లెలకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా పళ్ళు పచ్చబడితే పెద్దవాళ్ళు పిల్లల్నే తిట్టారు, సరిగ్గా తోమడం లేదని. వేపపుల్ల, కానుగపుల్ల, బొగ్గుపొడి, కొందరిళ్ళలో ఇటుకపొడి కూడా. రుద్దితే పోవడానికి అది పైన పట్టిన గార అయితే కదా! పన్ను దవడలో తయారయ్యే వయసులోనే ఎనామిల్‌లో పడిన మచ్చ అది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మెట్ట మాది. చెరువులూ దిగుడుబావులూ ఎండాక బోర్ల మీద పడ్డాం. వందల అడుగుల లోతున రాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచి, ఆ రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకున్న నీళ్ళవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే తాగకూడదంటారు. వేరే నీళ్ళు లేనివాళ్ళు ఏం చేస్తారు? 1995లో సత్యసాయి ట్రస్టు మొదలుపెట్టిన పథకంతో వందలాది పల్లెలకు మంచినీళ్ళొచ్చాయి. 1999లో తపాలాశాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. అప్పటికే పళ్ళొచ్చేసిన తరానికి మాత్రం మచ్చలు ఉండిపోయాయి.

ఆ తరమే ఇప్పుడు పళ్ళ డాక్టరునైన నా కుర్చీలో కూర్చుని, "సామీ, ఈ పచ్చ పళ్ళన్నీ పీకేసి స్క్రూ పళ్ళు బిగించండి" అంటోంది.

ఈ స్క్రూ పళ్ళ కథ స్వీడన్‌లో మొదలైంది. అక్కడ బ్రోనమార్క్ అనే పరిశోధకుడు కుందేలు ఎముక మీద పనిచేస్తూ, టైటానియం ఎముకతో కలిసిపోతుందని 1952లో గమనించాడు. 1965లో టైటానియం స్క్రూను మనిషి దవడలో బిగించాడు. ఘనమైన పనే. కాదనను. కానీ పన్ను వేరు, స్క్రూ వేరు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందులో నారపోగులుంటాయి. పన్ను వాటి మీద ఉట్టిలో కుండలా వేలాడుతుంది. ఆ పోగుల్లో నరాలున్నాయి కాబట్టే సంగటిలో ఇసుక రేణువు పడినా ఇట్టే తెలుస్తుంది. స్క్రూ పన్నుకు, అంటే ఇంప్లాంటుకు, ఆ పోగులు లేవు, నేరుగా ఎముకనే అంటుకుని ఉంటుంది. నమిలేటప్పుడు బరువు ఎక్కువైనా తొందరగా తెలియదు.

చిగురు సంగతి ఇంకా ముఖ్యం. సహజమైన పంటి వేరు పైపొరలోకి చిగురు పోగులు అడ్డంగా దిగి పట్టుకుంటాయి. ఇంప్లాంటు పక్కన అవి దాని పొడవునా, దాని చుట్టూ నడుస్తాయే గాని లోపలికి దిగవు. పన్ను చుట్టూ ఉన్న చిగురుకు నారపోగుల సందు నుంచీ రక్తం అందుతుంది, ఇంప్లాంటు దగ్గర ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకే పాచి పేరుకుని వాపు వస్తే అది ఎముకకు త్వరగా దిగుతుంది. లోహానికి పుచ్చు పట్టదన్నది నిజమే, దాన్ని పట్టుకున్న ఎముక కరగదన్న హామీ మాత్రం లేదు. ఇనుప పన్నుకు తోముడెందుకని పుల్ల పక్కన పడేసేవాళ్ళకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

పచ్చగా ఉన్నంత మాత్రాన పన్ను వదులైపోదు. మచ్చ కనబడకుండా పైపూతలున్నాయి, తొడుగులున్నాయి. కదలని పన్నును రంగు కోసం పీకించుకోకండి.