కొట్టివేసిన వివక్ష ఫిర్యాదు – ప్రభుత్వోద్యోగి అప్పీలు హక్కు

రావులపాలెమువంటి మండల కేంద్రమున పనిచేయు ప్రభుత్వోద్యోగి, తనకంటె వెనుక చేరినవారికి పదోన్నతి యిచ్చి తన్ను విడిచిపెట్టిరనియో, కులమునుబట్టి తనకు పనులు పంచుచున్నారనియో, అంగవైకల్యమును సాకుగా గొని తన్ను తొలగింపజూచుచున్నారనియో పై యధికారికి వ్రాసికొన్న విన్నపము, కొన్ని మాసములు ఇన్‌వార్డు రిజిస్టరులో ఒక అంకెగా నిలిచియుండి, తుదకు ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అను ఏకవాక్యపు మెమోగా తిరిగివచ్చుట అరుదైన సంగతి కాదు. ఆ వాక్యమునకు అవతల ఆ యుద్యోగికి చట్టము మిగిల్చిన దారి యెట్టిదో, ఆ దారి తెలుగువారి రాజకీయ చరిత్రలో ఎట్లు ఏర్పడి, ఎట్లు మూతవడి, మరల ఎట్లు తెరువబడినదో విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

రాజ్యాంగపు 16వ అధికరణము ప్రభుత్వోద్యోగములలో సమానావకాశమును ప్రసాదించి, మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థానము, నివాసము అనువానిలో దేనినిబట్టియు వివక్ష చూపరాదని శాసించినను, నివాసమును గూర్చి మాత్రము పార్లమెంటు కొంత మినహాయింపు కల్పించుటకు వీలిడినది. ఆ వీలునుండియే మన మహావివాదము పుట్టినది. 15 సంవత్సరముల నివాసమును కోరు నిజాము కాలపు ముల్కీ నిబంధనలు తెలంగాణ యువకునకు కవచముగా తోచగా, సర్కారు జిల్లాలనుండి వచ్చి హైదరాబాదు కార్యాలయములలో కుదురుకొన్న గుమాస్తాకు అవియే వివక్షగా కనబడెను. ఆ వీలును పురస్కరించుకొని పార్లమెంటు చేసిన 1957నాటి చట్టములోని నివాసార్హత నియమము తెలంగాణకు వర్తించునంతమేర చెల్లదని 1969 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1972 అక్టోబరు 3న అదే న్యాయస్థానము ముల్కీ నిబంధనలు చెల్లునని నిర్ణయింపగా, కోస్తా, రాయలసీమ జిల్లాలు జై ఆంధ్ర ఉద్యమముతో అట్టుడికిపోయినవి. ఉభయపక్షముల వేదనయు యథార్థమే యని నా నమ్మకము. ఒకే నియమము ఒకరికి రక్షణయు మరియొకరికి వివక్షయు నైనపుడు, తీర్పరి ఎవరికిని లోబడనివాడై యుండుటకంటె ముఖ్యమైనది మరియొకటి లేదు.

అట్టి తీర్పరిని సృజించుటకే 1973నాటి ఆరు సూత్రముల పథకమును, దాని ననుసరించి 32వ సవరణచే రాజ్యాంగమున చేరిన 371-డి అధికరణమును ఉద్దేశింపబడినవి. సర్వీసు వివాదములకై ప్రత్యేక పరిపాలనా ట్రైబ్యునలు ఏర్పడెను. హైకోర్టుకు దానిపై అధికారము లేకుండ చేయబడెను. ఇంతవరకు సదుద్దేశమే యనుకొన్నను, ఆ అధికరణమునందలి 5వ ఖండమును చదివినవారికి దిగులు కలుగక మానదు. ట్రైబ్యునలు తీర్పు వెలువడినంతనే అమలులోనికి రాదు. రాష్ట్రప్రభుత్వము దానిని ధ్రువపరచిననాడు గాని, మూడు మాసములు గడచిననాడు గాని, ఏది ముందైన నాడు వచ్చును. ఆలోపల ప్రభుత్వము కారణములు వ్రాసి ఆ తీర్పును మార్పవచ్చును, లేదా రద్దుపరుపవచ్చును. సర్వీసు వివాదములన్నిటను ప్రతివాది ప్రభుత్వమే కదా! తన్ను ఓడించిన తీర్పును తానే కొట్టివేయగల ప్రతివాదియెదుట, పదేండ్లు కోర్టు మెట్లెక్కి గెలిచిన ఉద్యోగి గెలుపునకు విలువ యేమి? 1986 డిసెంబరు 20న సాంబమూర్తి కేసులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి అధ్యక్షతన గల రాజ్యాంగ ధర్మాసనము, ఈ యేర్పాటు చట్టబద్ధ పాలనకే విరుద్ధమని నిర్ణయించి దానిని కొట్టివేసినది. ఆంధ్రదేశపు ఉద్యోగులు దేశమునంతకును సంపాదించిపెట్టిన సిద్ధాంతములలో దీనిని నేను మొదటిదిగా ఎంచుదును. మన పాఠ్యగ్రంథములలో దీనికి తగిన చోటు దొరకకుండుట విచారకరము.

రెండవ మెట్టు కూడ మనవారిదే. 1985నాటి పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టము క్రింద 1989లో మన ట్రైబ్యునలు పునర్నిర్మాణము పొందినను, దాని తీర్పుపై హైకోర్టునకు పోవు వీలు లేకపోయెను. ఉన్న దారి ఒక్క సుప్రీంకోర్టు మాత్రమే. అల్ప వేతనము గల ఉద్యోగికి ఢిల్లీ ప్రయాణము అప్పీలు హక్కును హరించుటతో సమానము. 1993లో సకినాల హరినాథ్ కేసున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్ణ ధర్మాసనము, హైకోర్టు అధికారమును తొలగింపజాలరని ప్రకటించెను. 1997 మార్చి 18న ఎల్. చంద్రకుమార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము అదే తత్త్వమును దేశమునకెల్ల శాసనముగా చేసినది. నాటినుండి ట్రైబ్యునలు తిరస్కరించిన ఫిర్యాదుపై హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము నాశ్రయించుట ఉద్యోగికి సాధ్యమైనది.

రాష్ట్ర విభజనానంతరము తెలంగాణలో 2016లోను, ఆంధ్రప్రదేశమున తదుపరి కొలది సంవత్సరములకును ట్రైబ్యునళ్లు రద్దైపోయినవి. తీర్పులు వచ్చినను కేసులు మరల హైకోర్టునకే చేరుచున్నవి గనుక నడిమి మెట్టు వ్యర్థమని చేసిన వాదములో కొంత నిజమున్నది. 2019 జనవరి 1నుండి హైకోర్టు అమరావతికి వచ్చుటచే గోదావరి జిల్లాల వారికి హైదరాబాదు ప్రయాణపు భారమును తగ్గినది. అయినను నష్టమొకటి జరిగినది. దానిని గూర్చి మాటలాడువారు తక్కువ. వివక్ష యనునది ప్రధానముగ వాస్తవములకు సంబంధించిన వివాదము. ఎవరిని ఎవరితో పోల్చి ఏ పని ఇచ్చిరి, ఏ తేదీన ఏ ఫైలు కదలినది, ఏ సీనియారిటీ జాబితాలో ఏ పేరు క్రిందికి జరిగినది అనువానిని తూచిచూచుటకు కూర్చున్నది ట్రైబ్యునలు. రిట్టు విచారించు న్యాయస్థానము సాధారణముగ వివాదగ్రస్తములైన వాస్తవముల జోలికి పోదు. కాబట్టి వాస్తవములు నిగ్గుతేలవలసిన స్థలము నేడు అధికారి గదియే, అనగా ఆ ఏకవాక్యపు మెమో పుట్టిన గదియే యైనది.

1991నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నిబంధనలు క్రమశిక్షణా చర్యలపై మూడు మాసములలోగా అప్పీలు చేసికొనుటకు అవకాశ మిచ్చుచున్నవి. కాని ఫిర్యాదును కొట్టివేయుట శిక్ష కాదు గనుక, అట్టి మెమోపై అప్పీలు ఈ నిబంధనల క్రింద నిలుచునా యని సందేహించుటకు తావున్నది. అధికారులు ఈ సందుననే తప్పించుకొందురు. ఇందుకు భిన్నముగ 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము దారిని స్పష్టముగ చూపినది: కార్యాలయమునందలి ఫిర్యాదుల పరిష్కారాధికారి రెండు వారములలో విచారింపవలెను, ఆతని చర్య తృప్తికరము కానిచో బాధితుడు జిల్లాస్థాయి కమిటీని ఆశ్రయింపవచ్చును. 2013నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టము కూడ కమిటీ సిఫారసులపై 90 దినములలోగా అప్పీలు చేయు హక్కు నిచ్చినది. కులవివక్షను గూర్చిన ఫిర్యాదునకు ఇంత తేటయైన అప్పీలు మార్గము లేదు. జాతీయ షెడ్యూల్డు కులముల కమిషనుకు విచారణలో సివిల్ కోర్టు అధికారములున్నను, నిషేధాజ్ఞ లిచ్చు శక్తి లేదని 1996లో సుప్రీంకోర్టు తేల్చినది.

గౌతమికిని వసిష్ఠకును నడుమ, జాతీయ రహదారిపై నున్న రావులపాలెమున అరటి మార్కెట్టుతోపాటు ఆర్టీసీ డిపోయు నున్నది. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులైరి. వారికి ఉపకరించు ఉదాహరణ మొకటి ఇటీవలి తీర్పులలో కలదు. తెలంగాణ ఆర్టీసీపై నడిచిన ఆ కేసులో, 2014లో డ్రైవరుగా నియుక్తుడైన యొకడు, వర్ణాంధత యున్నదని వైద్యులు చెప్పుటచే 2016లో ఇంటికి పంపబడెను. ప్రత్యామ్నాయోద్యోగ మిమ్మని ఆతడు చేసికొన్న విన్నపమును సంస్థ తోసిపుచ్చెను. హైకోర్టు ఏకసభ్య న్యాయమూర్తి ఆతనిపక్షమున తీర్పిచ్చినను ద్విసభ్య ధర్మాసనము దానిని త్రోసివైచెను. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, కార్మికులతో 1979లో సంస్థ చేసికొన్న ఒడంబడికను ఆధారముగ గొని, ఆతనికి తగిన ఉద్యోగము చూపవలసినదిగా ఆజ్ఞాపించెను. ఏ యే పోస్టులు ఖాళీగా నున్నవో, ఆతడు వానిలో దేనికి పనికివచ్చునో మొదటనే వెదకి కాగితముపై వ్రాసియుండినచో, ఒక శ్రామికుని జీవితమునుండి దాదాపు పదేండ్లు ఇట్లు పోయియుండవు.

తిరస్కరణ యనగానే అంతయు ముగిసెనని యెంచరాదు. భారత విదేశాంగ సర్వీసున చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ, స్త్రీ యగుటచేతనే తనకు పదోన్నతి నిరాకరింపబడినదని వేసిన పిటిషను 1979లో సుప్రీంకోర్టున కొట్టివేయబడినది. అప్పటికే ప్రభుత్వము ఆమెకు పదోన్నతి యిచ్చియుండెను. కాని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వ్రాసిన ఆ తీర్పు, వివాహిత స్త్రీలపై నాటి సర్వీసు నియమములు చూపిన వివక్షను కారణసహితముగ ఎండగట్టి, నియమావళి నంతటిని సరిచూడుమని ప్రభుత్వమునకు చెప్పినది. కొట్టివేయు ఉత్తర్వునకు సయితము కారణములున్నచో ఎంతటి బలముండునో ఆ తీర్పు చాటుచున్నది. 1986లో రామచందర్ అను రైల్వే ఉద్యోగి కేసునను, 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసునను, కారణములు చెప్పుట అధికారి విధి యని సుప్రీంకోర్టు చెప్పియేయున్నది. కావున మెమో అందుకొన్న ఉద్యోగి మొదట అడుగవలసినది నోటు ఫైలు ప్రతిని. 2005నాటి సమాచారహక్కు చట్టము క్రింద మండల కార్యాలయమున దరఖాస్తు రుసుము అయిదు రూపాయలు; గడువు ముప్పది దినములు. సెక్షను గుమాస్తా ఏమి వ్రాసెను, సూపరింటెండెంటు దేనిని దాటవేసెను, తనతో సమానస్థితి గల సహోద్యోగికి ఏ మేలు జరిగినది అనునవి ఆ పుటలలో బయటపడును. అప్పీలునకు ప్రాణము అదియే. ‘నాకు అన్యాయము జరిగినది’ అను వాక్యము పదిసార్లు వ్రాయుటకంటె, పోల్చదగిన ఒక్క పేరు, ఒక్క తేదీ, ఒక్క ఉత్తర్వు సంఖ్య వేయిరెట్లు పనిచేయును.

ట్రైబ్యునలును మరల స్థాపింపవలెనని నేను కోరుట లేదు. వివక్షపై వచ్చిన ఏ ఫిర్యాదును తిరస్కరించినను, ఆ మెమోలోనే తిరస్కరణకు కారణములను, అప్పీలు ఎవరికి, ఎన్ని దినములలోగా చేసికొనవలెనో అను వివరమును వ్రాసితీరవలెనని 1991నాటి నిబంధనలకు ఒక సవరణ చేర్చుట రాష్ట్రప్రభుత్వమునకు ఒక్క జీవోతో సాధ్యమగు పని. ఉద్యోగ సంఘములు వేతన సవరణ చర్చలకు కూర్చున్నపుడు ఈ కోరికనుగూడ తమ పత్రమున చేర్చి, సంతకములు పడువరకు పట్టువిడువకుందురుగాక.