చెన్నపట్నం: గోడలు, పేటలు, అరుగులు

నగరంలో ఎవరు ఎవరికి ఇరుగుపొరుగు కావాలో, ఎవరు ఎవరికి దూరంగా ఉండాలో చట్టాల కంటె ముందుగా కట్టడాలే నిర్ణయించిన సందర్భాలు అనేకం. కోటగోడ, ఖాళీ మైదానం, పల్లపు నేల, వీధి, గుడి, ఇంటి ముందరి అరుగు, ఇవి మనుషులను కలుపుతాయి, విడదీస్తాయి కూడా. మూడున్నర శతాబ్దాలకు పైగా తెలుగువారికి నివాసమైన చెన్నపట్నం ఇందుకు చక్కని నిదర్శనం.

కోట, రెండు పట్నాలు

1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి సముద్రతీరాన కొంత స్థలం ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరిట ఆ ఊరికి చెన్నపట్నమని పేరు వచ్చింది. 1640లో సెయింట్ జార్జి కోట నిర్మాణం మొదలైంది. కోట చుట్టూ ఐరోపావారు నివసించిన భాగాన్ని తెల్లపట్నమనీ, దానికి ఉత్తరాన వర్తకులు, నేతగాళ్లు, కూలీలు నివసించిన భాగాన్ని నల్లపట్నమనీ వ్యవహరించారు. సరుకు తెచ్చేవారు, దుబాసీలు పగలంతా కోటలోకి రాకపోకలు సాగించినా, నివాసాల నడుమ గోడ మాత్రం నిలిచి ఉండేది.

1746లో ఫ్రెంచివారు పట్నాన్ని పట్టుకొని, 1749లో తిరిగి ఇచ్చారు. కోటకు ఆనుకొని ఇళ్లుంటే శత్రువు వాటి చాటున దాగగలడని, ఫిరంగి గుళ్లకు అడ్డు లేకుండా పాత నల్లపట్నాన్ని క్రమంగా నేలమట్టం చేశారు. చెన్నకేశవస్వామి గుడి కూడా ఆ కూల్చివేతలోనే పోయింది. 1760ల దశకంలో మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికతో నేటి పూలబజారు ప్రాంతంలో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయాలు జంటగా వెలిశాయి. ఖాళీ చేసిన మైదానంలో ఇక ఎవరూ ఇల్లు కట్టరాదని 1773లో హద్దు స్తంభాలు నాటారు. వాటిలో ఒకటి నేటికీ ప్యారీస్ కార్నర్ వద్ద కనిపిస్తుంది. ఒకప్పటి పాత నల్లపట్నపు నేలపైనే 1892లో హైకోర్టు భవనం లేచింది.

రెండు పేటలు, నడుమ పల్లం

నల్లపట్నంలోనూ హద్దులు లేకపోలేదు. తూర్పున ముత్యాలుపేట, పడమట పెద్దనాయకునిపేట ఉండేవి. పట్నానికి వంశపారంపర్యంగా కావలి కాసిన పెద్దనాయకుని పేరే రెండవదానికి నిలిచింది. ఆనాటి దక్షిణదేశంలో కులాలు కుడిచేతి, ఎడమచేతి వర్గాలుగా చీలి ఉండేవి. కోమట్లు, బలిజలు కుడిచేతి వర్గంవారు. బేరిశెట్లు, పంచాణంవారు ఎడమచేతి వర్గంవారు. ఏ వీధిలో ఎవరి ఊరేగింపు సాగాలన్నదే తరచు తగవుకు కారణమయ్యేది. 1707లో పెళ్లి ఊరేగింపు విషయమై రేగిన కలహం ముదిరి, కుడిచేతి వర్గంవారు పలువురు పట్నం విడిచి శాంథోముకు తరలిపోయారు. అప్పటి గవర్నరు థామస్ పిట్ పెద్దనాయకునిపేటను కుడిచేతివారికి, ముత్యాలుపేటను ఎడమచేతివారికి కేటాయించి హద్దురాళ్లు వేయించాడు. వర్గభేదం ఆ విధంగా వీధుల పటంలోకి ఎక్కింది.

ఈ రెండు పేటల నడుమ అత్తపల్లమనే లోతట్టు నేల ఉండేది. 1780ల ప్రాంతంలో స్టీఫెన్ పోఫాం అనే న్యాయవాది దానిని పూడ్పించి వీధిగా మార్చాడు. అదే బ్రాడ్వే. వేరుచేసిన పల్లమే రెండు పేటలవారూ నడిచే బాట అయింది. ప్రస్తుతం ఆ వీధి పేరు ప్రకాశం సాలై. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంగా ప్యారీస్ కార్నర్ దాపున తుపాకులకు గుండె చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు స్మృత్యర్థం ఆ పేరు పెట్టారు.

నేతగాళ్ల పేట, వర్తకుల గుడి

అన్ని హద్దులూ భయంతో పుట్టినవి కావు. 1734లో నేతపనివారి కోసం చింతాద్రిపేటను నెలకొల్పారు. చిన్న తఱి, అనగా చిన్న మగ్గం, అన్న మాట నుండి ఈ పేరు వచ్చిందంటారు. తెలుగు వర్తకుడు సుంకు రామశెట్టి తోట ఉన్న స్థలాన్ని తీసుకొని, వడికేవారికి, నేసేవారికి, అద్దకంవారికి, చాకలివారికి అక్కడ నివాసాలు ఏర్పరచారు. ఒకే వృత్తికి సంబంధించినవారు ఒకేచోట చేరడం పనికి సౌలభ్యమే గాని, అదే వారిని ఇతరుల నుండి వేరుగానూ నిలిపింది.

పెద్దనాయకునిపేటలోని కొత్వాల్ చావడిలో కన్యకాపరమేశ్వరి ఆలయం, దాని చుట్టూ పెరిగిన కూరగాయల బజారు మరొక ఉదాహరణ. గుడి ఒక కులానిదైనా బజారు పట్నమంతటిదీ. 1996లో ఆ బజారు కోయంబేడుకు తరలినా, ఆలయం యథాస్థానంలో ఉన్నది.

ఇంటి నిర్మాణం

పాత పేటల ఇళ్లు వీధివైపు ఇరుకుగాను, లోపలికి పొడవుగాను ఉంటాయి. రెండు ఇళ్లకు ఒకే గోడ ఉండడం కద్దు. వీధివైపున అరుగు, నడుమ గాలి వెలుతురుల కోసం ముంగిలి. అరుగు ఇంటివారిదే అయినా, దారిన పోయేవాడు అలసట తీర్చుకునే హక్కు లోకమర్యాదగా ఉండేది. బయటివాడు లోపలికి రాకుండానే పలకరింపు సాగే చోటది. అది లోపలికీ బయటికీ హద్దు, పొరుగుకూ పొరుగుకూ వంతెన. కాలక్రమాన అరుగులు అనేకం దుకాణాలలో కలిసిపోయాయి.

గోడ పోయిన తరువాత

1760ల చివర హైదరాలీ దండయాత్రలకు భయపడి కొత్త నల్లపట్నం చుట్టూ గోడ కట్టారు. దాని ఖర్చుకు ప్రజలపై పన్ను వేయాలన్న ఆలోచన నుండే వాల్‌టాక్స్ రోడ్డుకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడు గోడలో కొంత ముక్క మాత్రమే మిగిలి ఉన్నది. రోడ్డు పేరు మాత్రం చెరగలేదు. 1906లో నల్లపట్నం జార్జిటౌన్ అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు చెన్నపట్నం అందులో చేరలేదు. అయినా ఈ వీధుల తెలుగు కుటుంబాలు గుడినీ, అంగడినీ, భాషనూ విడువలేదు.

నేటి నగరాలలో కావలివాడు, ఎత్తైన ప్రహరీ గల అపార్టుమెంటు సముదాయాలు వెలుస్తున్నాయి. వాటిలో అరుగుకు చోటు లేదు. గోడ దొంగను ఆపగలదు, పలకరింపునూ ఆపుతుంది. ఇల్లు కట్టేవారు, ఊరు వేసేవారు ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని చెన్నపట్నం చరిత్ర తెలుపుతున్నది.