చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో స్వచ్ఛంద సేవ

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో మర్రిచెట్ల వరుసల నడుమ వచ్చే మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాల్లో పేద ఇళ్ల మగపిల్లలు జీతం ఉండేవారు. అంటే తల్లిదండ్రులు ముందుగా తీసుకున్న అప్పు తీరేదాకా పెద్ద రైతు దగ్గర పశువులు కాస్తూ, పేడ ఎత్తుతూ గడిపేవారు. ఆడపిల్లలు చంటిబిడ్డను చంకనెత్తుకునే కలుపుకు పోయేవారు. ఈ స్థితిని మార్చడానికి జరిగిన కృషిని పరిశీలిస్తే, పరదేశాల నుంచి అందే సహాయంలో నిలిచేదేదో, నిలవనిదేదో తేటపడుతుంది.

బ్రిటన్ 1958 నుంచి, అమెరికా 1961లో స్థాపించిన పీస్ కోర్ ద్వారా, తమ యువతను పేద దేశాలకు సేవ కోసం పంపసాగాయి. పీస్ కోర్ 1961లోనే భారతదేశానికి వచ్చి 1976లో వెళ్లిపోయింది. రెండేళ్లలో తిరిగి వెళ్లే మనిషికి ఊరి భాష పట్టుబడేసరికే గడువు ముగుస్తుందన్నది ఈ పద్ధతిలోని మూలలోపం. 1968లో మెక్సికోలో సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ అమెరికన్ విద్యార్థుల ఎదుటే, చూడటానికి, నేర్చుకోవడానికి రావచ్చుగాని ఉద్ధరించడానికి రావద్దని కఠినంగా చెప్పారు. ఆ మాటలో న్యాయముంది.

విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి ఈ పల్లెలున్న రంగారెడ్డి జిల్లాలో వేరే దారి పట్టింది. బడికి పోని ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని, పగటి బడి తప్ప మరో ప్రత్యామ్నాయం లేదని నియమం పెట్టుకుని, ఆ ఊళ్లలోనే పుట్టి, ఇంట్లో మొదటిసారి చదువుకున్న యువతీ యువకులను కార్యకర్తలుగా ఎంచుకుంది. కూలి నుంచి తల్లి తిరిగివచ్చి పొయ్యి రాజేసే వేళకు వాకిట్లో కూర్చుని, ఏ పిల్ల ఎందుకు బడి మానిందో ఆమె యాసలోనే అడగగలిగేది వారే. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో వారం తిరక్కుండానే మానేస్తుంది కనుక, నెలల తరబడి శిబిరంలో ఉంచి ఈడుకు తగిన తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జ్ కోర్సు, అంటే వారధి చదువు, ఈ కృషికి ప్రాణమైంది.

ఇందులో విదేశీ సొమ్ము లేకపోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, నెదర్లాండ్స్‌కు చెందిన హివోస్ సంస్థ తోడ్పడ్డాయి. ఆ తోడ్పాటు విలువను తక్కువ చేయడం అన్యాయం. అయితే అలాంటి సొమ్ము దాత ప్రాధాన్యాలకు, దేశ చట్టాలకు లోబడి ఉంటుంది; విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించినప్పుడు, వాటిని పొందిన సంస్థ మరో సంస్థకు బదలాయించడాన్నే నిషేధించారు. ఊరి కార్యకర్త సంపాదించుకున్న నమ్మకానికి అలాంటి కట్టుబాటు లేదు.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, నాలుగో సెక్షన్‌లో, బడి మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నిర్దేశించింది. శిబిరాల్లో రుజువైన పద్ధతి ఆ విధంగా ప్రభుత్వ బాధ్యతగా మారింది. హివోస్ 2003లో యూరప్‌లో ప్రారంభించిన బాలకార్మిక వ్యతిరేక ఉద్యమం ఈ జిల్లా అనుభవం నుంచే ప్రేరణ పొందింది. ఉగాండా వంటి ఆఫ్రికా దేశాల్లో బాలకార్మిక రహిత ప్రాంతాలను నెలకొల్పినవారు కూడా ఇక్కడి పద్ధతినే ఆదర్శంగా తీసుకున్నారు. అందువల్ల విదేశీ సహాయ చరిత్ర రాసేవారు రంగారెడ్డి జిల్లా పల్లెలను పుచ్చుకున్నవారి వరుసలోనే ఉంచక, ఇచ్చినవారి వరుసలోనూ చేర్చాలి.