సన్న వడ్ల మీద ఢిల్లీ తాళం: కంప్లి ఆయకట్టులో ఎగుమతి విధానం, కాలువ నీరు, గుత్త రైతు

2023 జులై 20న కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. 1006 30 90 అనే టారిఫ్ సంఖ్య కింద వచ్చే బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతి ఆ రోజు నుంచి నిషిద్ధం. ఏడాదిలో చిల్లర ధరలు 11.5 శాతం పెరిగాయనీ, దేశంలో బియ్యం అందుబాటులో ఉండాలనీ ప్రభుత్వం చెప్పిన కారణం. అది కర్ణాటకలోని కంప్లి చుట్టూ నారుమళ్ల కాలం. ఏ రకం వేయాలో రైతు అప్పటికే తేల్చుకుని, విత్తనం కొనుక్కుని ఉన్నాడు. 

ఆహార ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వం కలగజేసుకోవడం తప్పని నేను అనను. తినేవాడి కోసం తీసుకున్న నిర్ణయానికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. తుంగభద్ర ఆయకట్టులో దాని భారం చివరికి వచ్చి ఆగింది పొలం తనది కాని, ఏ రికార్డులోనూ పేరు లేని గుత్త రైతు దగ్గర అని నా వాదన.

కంప్లినే ఎందుకు తీసుకున్నానంటే, ఈ విధానంలోని చిక్కులన్నీ ఒక్క తాలూకాలో కనిపిస్తాయి. తుంగభద్ర కుడి ఒడ్డున ఉన్న ఈ ఊరు 14వ శతాబ్దంలో కంపిలి రాజ్యానికి రాజధాని. ఆ తర్వాత విజయనగర రాజుల కాలంలో ఏటికి ఆనకట్టలు కట్టి తవ్విన కాలువల్లో రామసాగరం కాలువ, కంప్లి కాలువ ఇప్పటికీ పారుతున్నాయి. వాటి కింద వరి, చెరకు, అరటి శతాబ్దాలుగా ఉన్నాయి. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక కుడిగట్టు దిగువ కాలువ వచ్చి, అదే తాలూకాలో రెండో నీటి వ్యవస్థ మొదలైంది. పాత కాలువలకు ఏడాదిలో పది పదకొండు నెలలు నీళ్లు అందే ఆనవాయితీ ఉంది. కొత్త కాలువకు ఎన్ని రోజులు నీళ్లు వస్తాయో ప్రతి ఏటా నీటిపారుదల సలహా సమితి సమావేశంలో తేలాలి. పక్కపక్క పొలాల రైతులిద్దరికీ ఒకే ఏరు, ఒకే వడ్లు. వాళ్ల ధీమాలో మాత్రం చాలా తేడా.

డ్యాం కట్టినప్పుడు దాని కింద ఇంత వరి ఉంటుందని ఎవరూ అనుకోలేదు. కరువు నేలకు కొద్దికొద్దిగా నీళ్లు పంచి జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలను కాపాడాలన్నది అసలు ఆలోచన. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో కాగితం మీద నిర్ణయించారు కూడా. ఈలోగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ చాలా ఎకరాలు కొనుక్కున్నారు. చౌడు నేలలు చదును చేసి, కాలువ మొదట్లో వరి నాటారు. అలా వెలిసిన, ‘క్యాంపులు’ అని పిలిచే వలస రైతుల ఊళ్లు ఏటికి ఇటు కంప్లి, సిరుగుప్ప వైపూ, అటు గంగావతి, కారటగి, సింధనూరు వైపూ వరసగా ఉన్నాయి. ఎడమ కాలువ మీద పీటర్ మొలింగ చేసిన అధ్యయనం, ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’, ఈ మార్పును నిశితంగా నమోదు చేసింది. పై కాలువలో వరి పెరిగేకొద్దీ చివరి భూములు ఎండాయి. క్యాంపుల కష్టాన్ని మెచ్చుకునేవాళ్లం ఈ సంగతిని దాచకూడదు. కాలువ చివర నీళ్లు అందని కన్నడ రైతు, తెలుగు రైతు ఇద్దరూ ఆ కష్టానికి మూల్యం చెల్లించారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతా బళ్లారి జిల్లా మైసూరుకు పోయాయి. ఏటి నీళ్లూ రాష్ట్రాల మధ్య పంచాల్సి వచ్చింది. తర్వాత బచావత్ జల వివాదాల ట్రిబ్యునల్ తుంగభద్రలో కర్ణాటకకు 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 73.01 టీఎంసీలు లెక్కగట్టింది. 133 టీఎంసీలతో మొదలైన జలాశయం పూడిక వల్ల దాదాపు 105.8 టీఎంసీలకు తగ్గింది. కాబట్టి ఆ అంకెలు కాగితం మీద ఉన్నంత నిండుగా కాలువలో లేవు.

ఇక్కడ పండేది సోనా మసూరి అని బజారులో పిలిచే సన్న రకాలు. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, గంగావతి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గంగావతి సోనా, ఈ మధ్య రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048. రేషన్ దుకాణానికి చాలా కాలం పోయింది ఎక్కువగా లావు బియ్యమే. కంప్లి సన్నాలు బెంగళూరు, హైదరాబాద్ కిరాణా కొట్లకూ, అక్కడి నుంచి గల్ఫ్‌కూ, అమెరికాకూ పోతాయి. ఆఫ్రికా దేశాలు కొనే చవక తెల్ల బియ్యం, అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఉడికే సన్న బియ్యం ధరలో, పంట ఖర్చులో, కొనేవాళ్లలో ఎక్కడా కలవవు. నోటిఫికేషన్‌లో మాత్రం రెండూ ‘ఇతర’ అనే ఒక్క పద్దులోకి వచ్చాయి. 2025–26 బడ్జెట్‌తో బియ్యానికి కొత్త టారిఫ్ పద్దులు ఏర్పడ్డాయి, ఉప్పుడు బియ్యాన్నీ భౌగోళిక గుర్తింపు ఉన్న రకాలనూ విడదీశారు. మంచి అడుగే. ఆ గుర్తింపు లేని సన్నాలకు దీనివల్ల రక్షణ ఏమీ రాలేదు.

ఇక ధర. ఇక్కడ తేదీలను పంట క్యాలెండరు పక్కన పెట్టి చూడాలి. భారత్ ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం పంపే దేశం. అది తలుపు మూయగానే 2023 ఆగస్టులో ఆహార వ్యవసాయ సంస్థ బియ్యం ధరల సూచీ 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది. థాయ్ బియ్యం టన్ను 600 డాలర్లు దాటింది. ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం కూడా ఆ ఆగస్టులోనే పడింది. 2024 ఫిబ్రవరిలో కిలో 29 రూపాయల భారత్ రైస్ వచ్చింది. మిల్లర్లు, వ్యాపారులు వారం వారం నిల్వలు ప్రకటించాలన్న ఆదేశం కూడా అదే నెలలో వచ్చింది. నిషేధం 2024 సెప్టెంబర్ 28న తొలగి, టన్నుకు 490 డాలర్ల కనీస ధర షరతు మిగిలింది. అక్టోబర్‌లో అదీ పోయింది. ఆ తర్వాత దేశంలో రికార్డు పంట పండింది, 2025లో ప్రపంచ ధరలు కొన్నేళ్ల కనిష్ఠానికి జారాయి. అంటే ధర శిఖరం మీద ఉన్న కాలమంతా తలుపు మూసి ఉంది, ధర దిగుతున్నప్పుడు తెరుచుకుంది.

దీని మీద ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. 2023లో నిషేధం ఉన్నా తుంగభద్ర సన్న వడ్ల ధర పడిపోలేదు కదా అని. పడకపోవడానికి కారణం కరువు. ఆ ఏడు కర్ణాటకలో అత్యధిక తాలూకాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించారు. జలాశయం నిండలేదు, రెండో పంటకు కాలువ నీళ్లు రాలేదు. సరుకు తగ్గినచోట ధర నిలబడటం సహజం. కానీ అమ్మడానికి బస్తాలు ఉన్నవాడికే ఆ ధర. పంటే లేని గుత్త రైతుకు మంచి ధర వల్ల ఒరిగేదేమీ లేదు. సగటు ధరను చూసి రైతు బాగున్నాడని తేల్చే లెక్కల్లో ఈ మనిషి కనిపించడు.

మద్దతు ధర సంగతీ ఇంతే. ఇక్కడి వ్యవహారం 75 కిలోల బస్తాతో నడుస్తుంది. ‘ఏ’ గ్రేడు వరికి మద్దతు ధర 2023–24లో క్వింటాలుకు 2,203 రూపాయలు, బస్తాకు 1,652. 2024–25లో 2,320, బస్తాకు 1,740. 2025–26లో 2,389, బస్తాకు 1,792 రూపాయలకు కాస్త తక్కువ. సన్నాలు మామూలు ఏళ్లలో దీనికి పైనే అమ్ముడవుతాయి గనుక ప్రభుత్వ కొనుగోలు కేంద్రం అవసరం రాదు. ధర పడిన ఏడాది అవసరం వస్తుంది. అప్పుడు అక్కడ అమ్మాలంటే కర్ణాటక ‘ఫ్రూట్స్’ పోర్టల్‌లో రైతు గుర్తింపు సంఖ్య కావాలి. ఆ సంఖ్య భూమి రికార్డు అయిన పహాణీలో పేరున్నవాళ్లది. అలా మద్దతు ధర అందవలసిన రోజున అది భూయజమాని చేతిలోకి పోతుంది.

గుత్త అన్న ఏర్పాటే ఈ సమస్యకు నడుమ ఉంది. కర్ణాటక భూసంస్కరణల చట్టం, 1974 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో, కౌలును దాదాపు పూర్తిగా నిషేధించింది. అప్పట్లో అది గొప్ప చట్టం. దున్నేవాడికే భూమి దక్కించింది. యాభై ఏళ్లలో పరిస్థితి తలకిందులైంది. మొదట వచ్చిన తరం పిల్లలు చదువుకుని బెంగళూరు, హైదరాబాద్, అమెరికా చేరుకున్నారు. పొలాలు గుత్తకు పోయాయి. తీసుకుంటున్నది చిన్న రైతులు, భూమి లేనివాళ్లు, తర్వాత వలస వచ్చిన కుటుంబాలు. కౌలు మీద నిషేధం ఉండటంతో అంతా నోటిమాటే. కాగితం లేదు కాబట్టి బ్యాంకు పంట రుణం లేదు, బీమా లేదు, కరువు పరిహారం వచ్చినా యజమాని ఖాతాలో పడుతుంది. పెట్టుబడి ఎరువుల దుకాణం దగ్గరో, కమీషన్ వ్యాపారి దగ్గరో తెచ్చుకోవాలి, పంట వాళ్లకే తోలాలి. ధర పెరిగేదాకా వడ్లు ఆపుకునే స్తోమత అతనికి లేదు. ఎగుమతి నిషేధం ఎత్తేశాక ధర ఏమైనా పెరిగి ఉంటే అది దక్కింది గోదాములో నిల్వ ఉన్నవాడికే.

గుత్త మాట్లాడుకునేటప్పుడు రెండు పంటల ఆశ అందులో ఉంటుంది. ఆ రెండో పంట మాత్రం జలాశయం చేతిలో ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారంలో స్టాప్‌లాగ్‌లు దించి నీటిని ఆపారు. ఆ ఏడాది వర్షాలు కరుణించాయి, జలాశయం మళ్లీ నిండింది. కానీ 2025లో నిల్వను 80 టీఎంసీలకు పరిమితం చేయాల్సి వచ్చింది, 33 గేట్లూ మార్చే పని కోసం 2025–26 రెండో పంటకు నీళ్లు ఇవ్వకూడదని నిర్ణయించారు. డ్యాం బాగుండాలంటే ఆ పని చేయక తప్పదు. అయితే ఆగిపోయిన పంటకు పరిహారం అన్న చర్చ వచ్చినప్పుడల్లా మళ్లీ పహాణీయే తెరుస్తారు.

రాష్ట్రాల రాజకీయం దీనికి మరో పొర. 2023 కర్ణాటక ఎన్నికల్లో కాంగ్రెస్ అన్నభాగ్య ఉచిత బియ్యం పథకం కింద మనిషికి పది కిలోలు ఇస్తామంది. ఆ జూన్‌లోనే కేంద్రం బహిరంగ మార్కెట్ పథకం కింద రాష్ట్రాలకు బియ్యం అమ్మకం ఆపేసింది. కర్ణాటక ఇతర రాష్ట్రాల చుట్టూ తిరిగి, చివరికి అదనపు అయిదు కిలోలకు బదులు కిలోకు 34 రూపాయల చొప్పున నగదు ఇచ్చింది. మళ్లీ బియ్యమే ఇవ్వడం 2025లోగానీ కుదరలేదు. సొంత గడ్డ మీద వరి కొండలుగా పండే రాష్ట్రం బియ్యం కోసం పొరుగింటి తలుపు తట్టిన ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మన సేకరణ వ్యవస్థ సన్నాలను ఎన్నడూ తనవిగా చూడలేదు. తెలంగాణ వేరే దారి తొక్కింది: 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్, 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్‌లో సన్నబియ్యం. ఖజానా మీద భారం ఎక్కువే. కానీ సన్న వడ్లకు దేశంలోపలే ఒక పెద్ద కొనుగోలుదారు పుట్టుకొచ్చాడు. అదే వడ్లు పండించే కంప్లి రైతుకు ఆ బోనస్ వర్తించదు. ఏరు ఒకటే అయినా సరిహద్దు దాటితే ధర వేరు.

నిషేధం వార్త విని 2023 జులైలో అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు సోనా మసూరి సంచుల కోసం వరసలు కట్టారు. అక్కడ సంచి ధర ఎగబాకింది. ఇక్కడ ఆ పెరుగుదల ఎవరికీ చేరలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. డిసెంబర్ 8న శ్వేతసౌధంలో రైతులతో జరిగిన సమావేశంలో భారత బియ్యాన్ని చవకగా కుమ్మరిస్తున్నారన్న ఫిర్యాదు, మరిన్ని సుంకాల హెచ్చరిక వినిపించాయి. నిజానికి 2024–25లో అమెరికాకు పోయిన బాస్మతేతర బియ్యం 60 వేల టన్నుల పైచిలుకు, మన మొత్తం బియ్యం ఎగుమతి రెండు కోట్ల టన్నులకు పైన. దేశానికి అది చిన్న సంఖ్య. నాణ్యతకు మంచి ధర పెట్టే ఆ కొద్దిపాటి మార్కెట్టే సన్నాల ఆయకట్టుకు ముఖ్యం. రెండేళ్ల వ్యవధిలో దాని మీద ఒక దెబ్బ ఢిల్లీ నుంచి, ఇంకొకటి వాషింగ్టన్ నుంచి పడ్డాయి.

చేయదగిన పనులు రెండు ఉన్నాయి. మొదటిది కేంద్రానిది. ధరలు పెరిగినప్పుడు పూర్తి నిషేధానికి బదులు ఎగుమతి కనీస ధర పెట్టవచ్చు. 490 డాలర్ల లాంటి గీత లావు బియ్యాన్ని ఆపి, అంతకంటే ఖరీదైన సన్నాన్ని వదులుతుంది. 2024 సెప్టెంబర్‌లో చివరి మెట్టుగా వాడిన ఆ సాధనాన్ని 2023 జులైలో మొదటి మెట్టుగా వాడి ఉండవచ్చు. ఆ నిర్ణయం కూడా విత్తనం కొనకముందే, మే నెలలోపు రావాలి.

రెండోది కర్ణాటకది, ఇంకా కష్టమైనది. భూమి హక్కుకు చిక్కు రాకుండా సాగుదారుకు గుర్తింపు ఇవ్వడం. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందంతో కార్డులు ఇచ్చే పద్ధతి పెట్టింది. యజమాని సంతకం తప్పనిసరి చేయడంతో చాలామంది కౌలు రైతులకు కార్డు అందలేదు. కాబట్టి ఆ చట్టాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి తెచ్చుకుంటే 1974 నాటి భయం ఇంకా మనసులో ఉన్న బళ్లారి యజమానులు సంతకం పెట్టరు. సంతకం మీద ఆధారపడకుండా, సాగులో ఉన్న మనిషిని పంట కాలంలో గ్రామ పరిపాలనాధికారి, సహకార సంఘం కలిసి పొలంలోనే చూసి నమోదు చేయాలి. ఆ నమోదు రుణం, బీమా, కొనుగోలు, పరిహారం ఈ నాలుగింటికే చెల్లాలి, హక్కు దావాకు చెల్లకూడదు. కర్ణాటకలో పంట సర్వే ఇప్పటికే మొబైల్ యాప్‌తో సర్వే నంబరు వారీగా జరుగుతోంది. అందులో ఏ పంట అన్న గడి ఉంది. ఎవరు సాగు చేస్తున్నారన్న గడి ఒకటి చేర్చాలి.