మెయిల్ సర్వర్‌లో హోస్ట్‌నేమ్ శోధన వైఫల్యం

గ్రహీత డొమైన్ పేరుకు తగిన ఐపీ చిరునామాను మెయిల్ సర్వర్ కనుక్కోలేకపోవడం. పేర్లను చిరునామాలతో ముడిపెట్టే డీఎన్ఎస్ వ్యవస్థను 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించారు.

పనితీరు: గుంటూరులోని ఒక మిర్చి ఎగుమతిదారు విదేశీ కొనుగోలుదారుకు ఇన్వాయిస్ పంపాడనుకుందాం. అతని సర్వర్ ముందు కొనుగోలుదారు డొమైన్‌కు మెయిల్ స్వీకరించే సర్వర్ పేరు చెప్పే ఎంఎక్స్ రికార్డును, తర్వాత అందులోని హోస్ట్ పేరుకు చిరునామాను అడుగుతుంది. ఎంఎక్స్ లేకపోతే డొమైన్ సొంత చిరునామానే వాడుతుంది.

రకాలు: 'ఎన్ఎక్స్ డొమైన్' అనే జవాబుకు ఆ పేరే లేదని అర్థం. అక్షరదోషమో, గడువు తీరిన డొమైనో కారణం కావచ్చు. మెయిల్ సాధారణంగా వెంటనే తిరిగొస్తుంది. డీఎన్ఎస్ సర్వర్ జవాబు ఇవ్వలేకపోయిందని చెప్పే 'సర్వ్ ఫెయిల్' వచ్చినా, అసలు జవాబే రాకపోయినా దాన్ని తాత్కాలిక లోపంగా పరిగణిస్తారు. అప్పుడు మెయిల్ క్యూలో ఆగుతుంది; పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా 5 రోజుల వరకు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది.

పరిష్కారం: ముందు లాగ్ చూసి, 'డిగ్' కమాండ్‌తో అందులో విఫలమైన పేరును అదే సర్వర్ నుంచి అడగాలి. జవాబు రాకపోతే రిజాల్వర్ (పేర్లను వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వర్) చిరునామాను, ఫైర్‌వాల్‌లో 53వ పోర్టును యూడీపీ, టీసీపీ రెండింటికీ పరీక్షించాలి. డిగ్‌కు జవాబు వచ్చి పోస్ట్‌ఫిక్స్‌కు రాకపోతే, క్రూట్‌లోని (పోస్ట్‌ఫిక్స్ పరిమితమై పనిచేసే ప్రత్యేక డైరెక్టరీలోని) పాత రిజాల్వర్ ఫైలును అనుమానించాలి.

తెలుగు డొమైన్లు: '.భారత్' పేర్లను డీఎన్ఎస్‌లో వెతికేముందు ప్యూనీకోడ్‌లోకి మార్చాలి. ఆ మార్పు తెలియని పాత సాఫ్ట్‌వేర్‌లో శోధన విఫలం కావచ్చు.