పటాన్‌చెరు సీమయందు విద్యావినిమయము: ఉత్సర్గాపవాదములు

లక్డారము సంగారెడ్డి జిల్లాయందు పటాన్‌చెరు మండలములోని గ్రామము. దేశాంతరములతోడి విద్యావినిమయమును రాజశాసనములు ఒకచో నెట్లు పోషించినవో, వేఱొకచో నెట్లు నిరోధించినవో తెలియుటకు ఈ గ్రామపరిసరములే చాలును.

ఇచ్చటికి కొలది క్రోశముల దూరమున ఇక్రిశాట్ అను అంతర్జాతీయపరిశోధనసంస్థ 1972లో నెలకొన్నది. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ ముఖ్యముగా దాని పరిశోధనకు విషయములు. దీనికొఱకు కాచిరెడ్డిపల్లి, మన్మూలు గ్రామములవారు నెలవులు విడిచి పోవలసివచ్చెను. పరదేశపండితులు వచ్చి నిలుచుటకై స్వదేశకర్షకులు కదలిన ఈ వృత్తాంతమును సంస్థాచరిత్రము వ్రాయువారు మఱవరాదు. భారతప్రభుత్వము ఆ యేటనే, ఐక్యరాజ్యసమితి విశేషాధికారములనుగూర్చిన 1947 నాటి శాసనమును ఈ సంస్థకు వర్తింపజేసెను. ఆ శాసనమునుబట్టి అధికారులకును, వారిపై నాధారపడిన కుటుంబమునకును విదేశీయప్రవేశనిర్బంధములు లేవు. వ్యాకరణపరిభాషలో జెప్పవలెనన్న, నిర్బంధము ఉత్సర్గము, ఇది యపవాదము.

విత్తనములకు మాత్రమీ యపవాదము చెల్లదు. 144 దేశములనుండి చేరిన లక్షకు మించిన విత్తనరకము లిచ్చట గలవు. వచ్చు గింజయైనను, పోవు గింజయైనను జాతీయ వృక్షజన్యుసంపదల సంస్థకు రాజేంద్రనగరమున గల శాఖవారి పరీక్షకు లోబడవలసినదే. వచ్చినవానిని ప్రత్యేకక్షేత్రమున మొలపించి, పైరునకు తెగులు లేదని కన్నులార జూచినగాని విడువరు. ఇది న్యాయమైన నిర్బంధము. ఏలయన, దోషమును వస్తువునందే వెదకును.

పటాన్‌చెరునకు మఱియొక ప్రక్కనున్న భానూరు కథ వేఱు. 1998 మే 11, 13 తేదులలో పోఖ్రానున అణుపరీక్షలు జరిగినవి. అమెరికా ఆంక్షలు విధించి, నవంబరులో పెక్కు భారతీయసంస్థల పేరులతో నొక పట్టిక ప్రకటించెను. భానూరునందు కర్మాగారముగల భారత్ డైనమిక్స్ సంస్థయు, హైదరాబాదులోని రక్షణపరిశోధనాభివృద్ధిశాలయు నందు జేరినవి. పట్టికలోనివారికి పరికరములు గాని, సాంకేతికవిద్య గాని పంపుటకు ప్రత్యేకానుమతి కావలెను. పెక్కింటి విషయమున నిరాకరణమే ముందు నిర్ణయింపబడిన విధి. ఇచ్చట పరీక్ష లేదు, పేరే ప్రమాణము. ఈ రెండు పేరులును 2011 జనవరిలోగాని తొలగింపబడలేదు.

అట్టి పట్టికతో సంబంధములేని రసాయనశాస్త్రవేత్తకును ఇట్టి యనుభవమే కలిగినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు 1994 మొదలు 1998 వఱకు వైస్ ఛాన్సలరుగా నుండిన గోవర్ధన మెహతా, 2006 ఫిబ్రవరిలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున జరుగు సభకు బోవదలచి చెన్నపురియందలి అమెరికా కాన్సులేటునకు వెళ్లెను. అప్పటికి ఆయన అంతర్జాతీయవిజ్ఞానమండలికి అధ్యక్షుడు. ఆయన యెఱిగిన రసాయనవిద్య ఆయుధములకు ఉపకరించునేమో యని శంకించి, అధికారులు వీసా నీయరైరి. గింజకు తెగులున్నదో లేదో చూచువారు గలరు గాని, ఇచ్చట శాస్త్రనామమే దోషహేతువయ్యెను. పండితలోకమున గొప్ప కలకలము పుట్టిన పిమ్మట వీసా నిచ్చుటకు వారంగీకరించిరి. ఆయన పోలేదు.