మల్గి

జంటనగరాల్లో షట్టరున్న గదిని మల్గి అంటారు. విజయవాడలోనో రాజమండ్రిలోనో ఈ మాట వాడితే ‘అంటే ఏమిటండీ?’ అని అడుగుతారు. అక్కడ కొట్టు ఉంది, షాపు ఉంది, ఈ మాటతో పని పడలేదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మాత్రం మల్గి అంటే ఏమిటో చిన్నపిల్లలకైనా చెప్పనక్కర్లేదు. రోడ్డు మీదికి మొహం పెట్టి కట్టే ఇంటికి ముందువైపు రెండో మూడో మల్గీలు, పక్కన మెట్లు, పైన కాపురం. ఇల్లు కట్టుకునేవాడు బ్యాంకు అప్పు లెక్క వేసుకునేటప్పుడు పడగ్గదులకంటే ముందు మల్గీలు లెక్కపెడతాడు.

మల్గి, దుకాణం ఒకటే అనుకుంటే పొరపాటు. ‘దుకాణం బంద్ చేసిండు’ అంటే వ్యాపారం మానేశాడని. ‘మల్గి ఖాళీ చేసిండు’ అంటే గది వదిలాడని మాత్రమే, దుకాణం ఇంకో సందులో భేషుగ్గా నడుస్తూ ఉండవచ్చు. ‘దుకాణం’ అమ్మేవాడి మాట, ‘మల్గి’ గది గలవాడి మాట. అందుకే ఇది ఎక్కువగా ఓనర్ల నోట, కిరాయి కాగితాల్లో, వేలం ప్రకటనల్లో, కోర్టుల్లో వినిపిస్తుంది. అద్దె తగాదాల్లో హైకోర్టు తీర్పులు ఇంగ్లీషులో సాగుతూనే మల్గిని మల్గి అనే రాస్తాయి, దానికి ఇంగ్లీషు వెతికే శ్రమ పెట్టుకోవు. జిల్లా పత్రికలు ఇదే మాటను మడిగె అంటాయి. మున్సిపల్ మడిగెలకు వేలం అన్న వార్త ఏడాదికి ఒకసారైనా ఏదో ఒక పట్నం నుంచి వస్తుంది.

మడిగె పాత తెలుగే. నిఘంటువులు దానికి అంగడి అని అర్థం చెబుతాయి. కన్నడంలో మళిగె అంటే ఈనాటికీ దుకాణమే. తమిళంలో మళిగై అంటే కిరాణా సరుకు. ఈ బంధువుల్లో ఒకటి హైదరాబాదు ఉర్దూ నోట నలిగి, నడిమి అచ్చు పోగొట్టుకుని మల్గి అయిందని నా నమ్మకం. దీని పొరుగునే ఇంకో మాట ఉంది: మాళిగ. మేడ అని అర్థం. దీర్ఘంతోపాటు దర్జా కూడా వచ్చింది దానికి. విడిగా వాడటం మానేశాం గానీ నేలమాళిగలో అది భద్రంగా ఉంది. 2011లో తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి గదులు తెరిచిన రోజుల్లో తెలుగు పత్రికలు ఆ మాటను పతాక శీర్షికల్లోకి ఎక్కించాయి. మళిగె, మాళిగ ఒక్క వేరునుంచే మొలిచాయని నేను పట్టుబట్టను. వ్యాపార కుటుంబాలు మాత్రం ఆ రెంటి మధ్య దూరాన్ని ఒకటి రెండు తరాల్లో దాటేస్తాయి.

మద్రాసు టి.నగర్‌లో 1964లో జి. రాజేంద్రన్ ఒక నగల దుకాణం తెరిచారు. పేరు జి.ఆర్. తంగమాళిగై, అంటే బంగారు మేడ. ఇప్పుడు తెలుగు పట్టణాల్లోనూ కనిపించే జి.ఆర్.టి. బోర్డు మీద చివరి ‘టి’ ఆ తంగమే. బోర్డు పొట్టిదైనప్పుడు మాళిగై రాలిపోయింది. తమాషా ఏమిటంటే, పేరులోంచి పోయిన మేడ నేలమీద లేచింది. అదే కుటుంబానికి ఇవాళ చెన్నైలో గ్రాండ్ హోటల్ ఉంది, రాడిసన్ బ్లూ ఉంది, మహాబలిపురం సముద్రపు ఒడ్డున టెంపుల్ బే ఉంది. నగలమ్మినవాళ్లు హోటళ్లు ఎందుకు కట్టారు అని అడిగితే వ్యాపార పత్రికలు ‘విస్తరణ’ అంటాయి. ఆ మాట నాకు ఏమీ చెప్పదు.

మల్గి వైపునుంచి చూస్తే సంగతి కొంత తేటపడుతుంది. మల్గికి కిరాయి నెలకు. లాడ్జి గదికి రోజుకు. ఫంక్షన్ హాలుకు పూటకు. గదిని కాలంతో కోసి అమ్మడం మూడింట్లోనూ ఉంది, ముక్క చిన్నదైన కొద్దీ ధర పెరుగుతుంది. పూట లెక్కన అమ్మడం కొత్తదేమీ కాదు. పూటకూళ్ల ఇల్లు అన్న మాటలోనే కొలత ఉంది, గురజాడ పూటకూళ్లమ్మ పేరే ఆ కొలత. వ్యాపారం పెరిగిన ఇంట్లో మొదటి పని కిరాయి మల్గిని సొంతం చేసుకోవడం. దాని మీద అంతస్తులు లేచాక పై గదులను ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. కింద బట్టల షాపు, పైన లాడ్జి ఉన్న బిల్డింగులు సికింద్రాబాద్ స్టేషను చుట్టూ ఎన్నో. ఎక్కడో దూరాన ఇంకో రంగంలోకి దూకడం కాదది, మెట్లెక్కడం. ఇప్పుడు దాన్ని పత్రికలు ‘ఆతిథ్య రంగం’ అంటున్నాయి. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని మన పెద్దల వ్యుత్పత్తి. తిథీ గంటా ముందే రాయించుకుని, పన్నెండింటికల్లా ఖాళీ చేయమని చెప్పే వ్యాపారానికి ఆ పేరు పెట్టినవాడికి హాస్యప్రియత్వం దండిగానే ఉండి ఉంటుంది.

మెట్లెక్కినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. రామోజీరావు కుటుంబపు సంస్థల్లో ప్రియా పచ్చళ్లున్నాయి, కళాంజలి దుకాణాలున్నాయి, విశాఖలో మొదలైన డాల్ఫిన్ హోటళ్లున్నాయి. బోయిన్‌పల్లికి దగ్గరి ఉదాహరణ ప్యారడైజ్. 1953లో అదొక సినిమా హాల్లో క్యాంటీన్, ఆటకు వచ్చినవాళ్లకు చాయ్ పోసే చోటు. సినిమా హాలు పోయింది, క్యాంటీన్ మిగిలింది. సిటీ బస్సులో ‘ప్యారడైజ్ ఒకటి’ అని టికెట్ అడిగేవాడికి ఇప్పుడు గుర్తొచ్చేది బిర్యానీయే.

మల్గికి చుట్టంలా కనిపించే ‘మాల్’ దానికి ఏమీ కాదు. అది లండన్ మాట. కొయ్య సుత్తితో బంతిని కొట్టే పాల్‌మాల్ అనే ఆట ఇటలీ నుంచి వచ్చింది, ఆ ఆట ఆడిన దారికి మాల్ అన్న పేరు పడింది, దారి పేరు తర్వాతెప్పుడో బజారుకు అంటుకుంది. అంటే షాపింగ్ మాల్ లోపల ఒక సుత్తి ఉంది. ఇతర దేశాల్లో మాల్ అంటే ఎందరో కిరాయిదారుల దుకాణాలు ఒక్క కప్పు కింద ఉండటం. మన లెక్కలో అది మల్గీల పోగు. తెలుగునాట అర్థం తిరగబడింది. సౌత్ ఇండియా షాపింగ్ మాల్, సి.ఎం.ఆర్. షాపింగ్ మాల్ బోర్డులు చూడండి: ఒకే యాజమాన్యం, ఒకే గల్లా పద్ధతి, కింది నుంచి పైదాకా ఎక్కువగా బట్టలే. నలుగురు అద్దెదారులు లేని మాల్ ఇది. ఇంగ్లీషువాడు నవ్వుకుంటే నవ్వుకోనీ, నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. ‘మనదే మొత్తం బిల్డింగు’ అని చెప్పుకోవడానికి మనవాళ్లకు ఒక మాట కావలసి వచ్చింది, మాళిగను ఎప్పుడో అటకెక్కించేశాం కనుక దొరికినది తగిలించుకున్నారు.

మూడోది మాలు. ఇది అరబ్బీ, సొత్తు అని మూలార్థం. బోయిన్‌పల్లి అంబేద్కర్ కూరగాయల మార్కెట్‌లో తెల్లవారకముందే వినిపించేది ఇదే. ‘మాల్ దిగిందా?’ అంటే లారీ వచ్చిందా అని. హమాలీలు టమాటా బాక్సులు దించి వరసపెడతారు, కమీషన్ ఏజెంటు పైబాక్సు నుంచి రెండు కాయలు తీసి నొక్కిచూసి ధర అంటాడు, గుమాస్తా రైతుకు తక్‌పట్టీ (అమ్మకపు లెక్క చీటీ) రాసిస్తాడు. అక్కడ మల్గి ఎంత పెద్దదన్నది ఎవరికీ పట్టదు, మాలు ఎంత త్వరగా కదిలిందన్నదే లెక్క. పొద్దెక్కేసరికి ఆకుకూర ధర సగానికి పడుతుంది. సికింద్రాబాద్ మోండా నుంచి ఇక్కడిదాకా కూరగాయల బేరం నడక ఇదే. (మోండా అన్నది కూడా మరాఠీలో మార్కెట్టే, ‘మోండా మార్కెట్’ అనడంలో ఒకటి ఎక్కువ.) అమ్ముడుపోక వాడిపోయిన మాలును పారబోయకుండా ఈ మార్కెట్‌లో గ్యాసుగా, కరెంటుగా మార్చే ప్లాంటు పెట్టారు. సాంకేతికత హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.)ది. రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల విద్యుత్తు వస్తోందని 2021 జనవరి మన్‌కీ బాత్‌లో ప్రధాని ప్రస్తావించాక ఈ మార్కెట్ పేరు ఢిల్లీదాకా పోయింది.

పొద్దెక్కేసరికి ధర పడిపోయే మాలు నగల వ్యాపారికి వింతగా ఉంటుంది. అమ్ముడుపోని గొలుసు ఏడాది తర్వాత కూడా గొలుసే, ఒక్కోసారి ఇంకా ఖరీదైన గొలుసు. అదే వ్యాపారి హోటల్ పెట్టిన రోజున టమాటా వ్యాపారి అయిపోతాడు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు రెండుసార్లు అమ్మలేడు. వాడిపోయిన టమాటాకు 500 యూనిట్లలో వాటా అయినా ఉంది, ఖాళీ గది నుంచి అదీ రాదు. పెద్ద హోటళ్లు సాయంత్రమయ్యేసరికి రేటు తగ్గించేది, బుకింగ్ యాప్‌లకు కమీషన్ ఇచ్చుకునేదీ ఇందుకే. కమీషన్ అన్న మాట బోయిన్‌పల్లి ఏజెంటుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.